ఐరిష్ వంటలు ఇంట్లో వండేవాళ్లున్నారా? అత్తమామలు వస్తున్నారు, సలహాలు కావాలి

సిరి_బ్లాంచ్
అందరికీ నమస్కారం. మేము డబ్లిన్‌లో బ్లాంచర్డ్స్‌టౌన్ వైపు ఉంటాం. జూన్‌లో అత్తయ్యగారు, మామయ్యగారు విజయవాడ నుంచి వస్తున్నారు. మొన్న వీడియో కాల్‌లో మామయ్యగారు "అంత దూరం వచ్చి మళ్లీ పప్పు, పులుసేనా? ఆ దేశపు వంట నాలుగు రోజులైనా చేసిపెట్టమ్మా" అన్నారు. ఆయన సరదాగా అన్నారో నిజంగా అన్నారో తెలీదు కానీ నాకు మాత్రం టెన్షన్ మొదలైంది.

మా ఇంటి లెక్క ఇదీ: అత్తయ్యగారు పూర్తి శాకాహారి, గుడ్డు కూడా ముట్టరు. మామయ్యగారు మటన్, చికెన్, చేప తింటారు. బీఫ్, పంది మాంసం ఇంట్లో వండం. పిల్లలకి స్కూల్లో తిన్న సోడా బ్రెడ్ నచ్చింది, ఇంట్లో చెయ్యమని గోల. నెట్‌లో ఏ ఐరిష్ వంట చూసినా బీఫో, బేకనో కనబడుతోంది. అవి తీసేస్తే ఇంకేమైనా మిగులుతుందా?

రమణ_కార్క్
మిగలడమేంటి సిరి గారూ, వారం రోజులకి సరిపడా మిగులుతుంది.

ముందు ఒక అపోహ తీసేద్దాం. ఐరిష్ స్ట్యూలో బీఫ్ ఉండదు. అది గొర్రె మాంసంతో చేసే వంట. బీఫ్ వేసి నల్ల బీరు పోసి ఉడికించేది వేరే వంటకం. అమెరికావాళ్లు మార్చి 17న, సెయింట్ పాట్రిక్స్ డే రోజు తినే కార్న్డ్ బీఫ్, క్యాబేజీ కూడా ఇక్కడి ఇళ్లలో పెద్దగా కనబడదు, ఇక్కడ క్యాబేజీతో పెట్టేది పంది బేకన్. న్యూయార్క్ వలస వెళ్లిన ఐరిష్‌వాళ్లకి అక్కడ యూదుల మాంసం దుకాణాల్లో ఉప్పు పట్టించిన బీఫ్ చవకగా దొరికి, అదే అలవాటైపోయింది. తమాషా ఏంటంటే, 17, 18 శతాబ్దాల్లో ఉప్పు బీఫ్‌ని పీపాలకెత్తి ఓడల్లో ప్రపంచమంతా పంపింది మా కార్క్ ఓడరేవే. దాన్ని తయారు చేసిన కూలీలకి మాత్రం కొని తినే స్తోమత ఉండేది కాదు.

మామయ్యగారికి స్ట్యూ చెయ్యండి. మాంసం కొట్లో గొర్రె మెడ ముక్కలు గానీ, భుజం వైపు నుంచి కోసే జిగాట్ చాప్స్ గానీ ఎముకతో సహా అడగండి. కిలో మాంసానికి కిలో బంగాళదుంపలు, నాలుగు పెద్ద ఉల్లిపాయలు, రెండు మూడు క్యారెట్లు, రెండు రెమ్మల థైమ్, ఉప్పు, మిరియాల పొడి. క్యారెట్ వెయ్యాలా వద్దా అని ఇక్కడివాళ్లు ఇప్పటికీ కొట్టుకుంటారు. పాతకాలపు పద్ధతిలో మాంసం, దుంప, ఉల్లి, నీళ్లు, అంతే. నేను వేస్తాను, తీపి కొంచెం వస్తుంది.

అసలు సంగతంతా దుంపలో ఉంది. సగం దుంపలు ఉడికితే పిండిలా విడిపోయే రకం తీసుకోండి, రూస్టర్ చాలు, ఎర్ర తొక్కతో ఏ షాపులో అయినా ఉంటుంది. మిగతా సగం గట్టిగా నిలబడే రకం, షార్లట్ లాంటిది. మొదటి రకం సన్నగా తరిగి గిన్నె అడుగున పరవాలి, దాని మీద మాంసం, ఉల్లి, క్యారెట్, మళ్లీ మాంసం. ముక్కలు మునిగీ మునగనట్టు నీళ్లు. పొంగు రాగానే మంట బాగా తగ్గించి మూత పెట్టి గంట వదిలెయ్యండి. ఆ తర్వాత గట్టి రకం దుంపల్ని పెద్ద ముక్కలుగా పైన పెట్టి ఇంకో ముప్పావు గంట. అడుగున వేసినవి కరిగి పులుసు చిక్కబడుతుంది, పైవి ముక్కలుగా నిలబడతాయి. మైదా కలపాల్సిన పని లేదు. దించాక పార్స్లీ చల్లండి.

అన్వేష్_ఓరుగల్లు
రమణన్నా, నేను లిమరిక్‌లో చదువుకుంటున్నా. కారం లేదు, పసుపు లేదు, అల్లం వెల్లుల్లి లేదు, వేయించుడు కూడా లేదు. నీచు వాసన రాదా? ఇక్కడి ల్యాంబ్ వాసనకే మా రూమ్‌మేట్ కిచెన్‌లోకి రాడు.

రమణ_కార్క్
తమ్ముడూ, ఆ వాసన చాలావరకు కొవ్వుది. పైకి కనిపించే తెల్ల కొవ్వు కోసెయ్. మొదటి పొంగులో బూడిద రంగు నురగ తేలుతుంది, అది పూర్తిగా తీసేదాకా గిన్నె దగ్గర్నుంచి కదలకు. కుదిరితే ముందు రోజు వండి ఫ్రిజ్‌లో పెట్టు, పొద్దున్నే పైన కొవ్వు గడ్డకట్టి ఉంటుంది, చెంచాతో ఎత్తి పారెయ్యొచ్చు. స్ట్యూ రెండో రోజు ఇంకా బాగుంటుంది కూడా.

లక్ష్మి_గాల్వే
అన్నీ బాగానే ఉన్నాయి కానీ, నేనైతే నాలుగు పచ్చిమిర్చి చీల్చి వేస్తాను, ఒక చెంచా ధనియాల పొడి కూడా. మావారు లొట్టలేసుకుంటూ తింటారు. ఎవరి ఇంట్లో వాళ్ల రుచి. పెద్దవాళ్లకి ఒక్కసారిగా చప్పిడి కూడు పెడితే మనసులో ఏమనుకుంటారో!

రమణ_కార్క్
లక్ష్మి గారూ, మీ ఇంట్లో మీ ఇష్టం, కాదనను. కానీ ధనియాల పొడి, పచ్చిమిర్చి పడ్డాక అది మన మటన్ పులుసు, దానికి ఐరిష్ పేరెందుకు? మామయ్యగారు అడిగింది ఇక్కడి వంట. మసాలా వెయ్యని మాంసం ఎలా ఉంటుందో ఆయన్ని ఒక్కసారి చూడనివ్వండి. కారం కావాలంటే కంచం పక్కన ఆవకాయ ఉంది కదా, ఎవరు వద్దన్నారు? గిన్నెలో కలిపితే అందరూ అదే తినాలి, పక్కన పెడితే ఎవరికి కావలసినంత వాళ్లు నంజుకుంటారు.

లక్ష్మి_గాల్వే
ఆవకాయతోనా! సరే, అది మాత్రం ఒప్పుకుంటున్నా :)

శ్రీను_శాండీఫర్డ్
పదేళ్లుగా ఇక్కడ ఉన్నాను. ఐరిష్ వంట అని ప్రత్యేకంగా ఏముందండీ? ఉడికించిన దుంప, మెదిపిన దుంప, వేయించిన దుంప. క్యాంటీన్‌లో లసాన్యా పక్కన కూడా చిప్స్ పెట్టేవాళ్లు వీళ్లు. టైమ్ వేస్ట్. పెద్దవాళ్లని మంచి థాయ్ రెస్టారెంట్‌కి తీసుకెళ్లండి.

లీట్రిమ్_కోడలు
శ్రీను గారూ, లసాన్యా పక్కన చిప్స్ సంగతి నిజమే, దానికి నేనూ ఏం చెప్పలేను. కానీ దుంప తప్ప ఏమీ లేదనడం అన్యాయం.

నేను తెనాలి అమ్మాయిని, మా ఆయనది లీట్రిమ్ జిల్లా. దుంప ఈ దేశానికి వచ్చిందే 16వ శతాబ్దం చివర్లో. అంతకుముందు వీళ్ల తిండంతా పాలు, పెరుగు, వెన్న, జున్ను, ఓట్స్. మనకి పాడి ఎలాగో వీళ్లకీ అలాగే. తర్వాత కౌలు రైతుల చేతిలో మిగిలిన చెక్క భూమిలో కుటుంబం మొత్తానికి కడుపు నింపే పంట దుంప ఒక్కటే అయింది. గింజలు, వెన్న అద్దె కట్టడానికి అమ్ముడుపోయేవి. దుంప, మజ్జిగ ఇంట్లో మిగిలేవి. అందులోనూ లంపర్ అని ఒకే రకం ఎక్కువ వేసేవాళ్లు. 1845లో తెగులు వచ్చి ఆ పంట పోయింది. 1852 దాకా సాగిన ఆ కరువులో దాదాపు పది లక్షల మంది చనిపోయారు, ఇంకో పది లక్షలమంది ఓడలెక్కారు. ఆ ఏళ్లలో కూడా గింజలు, వెన్న ఎగుమతి అవుతూనే ఉన్నాయి. మా ఊరి చుట్టుపక్కల కొండల మీద దుంప పాదులు చేసిన గట్ల గీతలు ఇప్పటికీ కనబడతాయి, సాయంత్రం ఎండ ఏటవాలుగా పడినప్పుడు ఇంకా స్పష్టంగా. మా అత్తగారు కంచంలో దుంప వదిలితే ఊరుకోరు.

సిరి గారూ, మీ అత్తయ్యగారికి బాక్స్‌టీ చెయ్యండి. మా లీట్రిమ్, కావన్, ఫెర్మానా వైపు వంట ఇది. గుడ్డు అక్కర్లేదు. పావు కిలో పచ్చి దుంప తురుము, పావు కిలో ఉడికించి మెదిపిన దుంప, పావు కిలో మైదా, చెంచాడు ఉప్పు, అర చెంచా వంటసోడా, కలపడానికి బటర్‌మిల్క్.

తురుముని పల్చటి గుడ్డలో వేసి మెలిపెట్టి పిండాలి. మా అత్తగారు పాత దిండు గలీబు వాడతారు, పిండి పిండి అది గోధుమరంగుకి తిరిగిపోయింది. ఆ పిండిన నీళ్లని పారబొయ్యకండి. గిన్నెలో పావుగంట కదపకుండా ఉంచితే పైన ఎర్రటి నీళ్లు తేరుతాయి, అడుగున తెల్లగా గంజిపొడి పేరుకుంటుంది. వేలితో నొక్కితే గట్టిగా ఉంటుంది, గోకితే జారిపోతుంది. నీళ్లు వంచేసి ఆ తెల్లదాన్ని పిండిలో కలపాలి. బాక్స్‌టీ విరగకుండా ఉండేది దానివల్లే. తర్వాత చిక్కటి దోసెపిండి జోరుకి బటర్‌మిల్క్ పోసి, పెనం మీద వెన్న రాసి మందంగా వేసి, సన్న మంట మీద రెండు వైపులా ఎర్రగా కాల్చాలి. దోసెలు వేసే చెయ్యికి ఇది పెద్ద పనే కాదు.

అక్కడ పెద్దవాళ్లు వెన్న, పంచదార వేసుకుని తింటారు. మా అమ్మ వచ్చినప్పుడు అల్లప్పచ్చడితో తింది, మా అత్తగారు కూడా ఆ పచ్చడి రుచి చూసి సీసా పట్టుకెళ్లారు.

సిరి_బ్లాంచ్
లీట్రిమ్ అక్కా, ఇది అదిరిపోయింది. అత్తయ్యగారు దోసెల విషయంలో ఎక్స్‌పర్ట్, పెనం ఆవిడకే అప్పగించేస్తాను. అక్కడ బటర్‌మిల్క్ అంటే షాపులో డబ్బాలో వచ్చేదేనా, మన మజ్జిగ వాడొచ్చా?

లీట్రిమ్_కోడలు
బాక్స్‌టీకి ఏదైనా పర్లేదమ్మా. సోడా బ్రెడ్‌కి మాత్రం పట్టింపు ఉంది, ఎందుకో రమణ గారు చెప్తారు, ఆయన బ్రెడ్ మాస్టర్.

రమణ_కార్క్
మాస్టర్ అంటూ మునగచెట్టు ఎక్కించకండి.

సోడా బ్రెడ్‌లో ఈస్ట్ ఉండదు. బటర్‌మిల్క్‌లోని పులుపు వంటసోడాతో కలిసి గ్యాస్ పుడుతుంది, ఆ గ్యాసే బ్రెడ్‌ని పొంగిస్తుంది. కాబట్టి పులుపు, సోడా లెక్క కుదరాలి. షాపు బటర్‌మిల్క్ చిక్కగా, పుల్లగా ఉంటుంది. మనం ఎండాకాలం తాగే పల్చటి మజ్జిగలో పులుపు చాలదు. షాపుది లేకపోతే మూడు వంతులు పుల్ల పెరుగు, ఒక వంతు నీళ్లు కలిపి గిలక్కొట్టండి, సరిగ్గా సరిపోతుంది.

కొలతలు: ముతక గోధుమపిండి 225 గ్రాములు, మైదా 225 గ్రాములు, ఉప్పు ఒక టీస్పూన్, బ్రెడ్ సోడా ఒక టీస్పూన్ తలగొట్టి, బటర్‌మిల్క్ 400 మిల్లీలీటర్లు. ఇక్కడ ప్యాకెట్ మీద బ్రెడ్ సోడా అని రాస్తారు, మన వంటసోడానే. బేకింగ్ పౌడర్ కాదు. సోడాని చిన్న జల్లెడలో వేసి జల్లించండి, ఉండ మిగిలితే ఆ చోట పచ్చటి మచ్చ పడి చేదొస్తుంది.

ఓవెన్ ముందే 230 డిగ్రీలకి వేడెక్కాలి, ఫ్యాన్ ఓవెన్ అయితే 210. పిండి మధ్యలో గుంట చేసి బటర్‌మిల్క్ దాదాపు మొత్తం ఒకేసారి పోసి, వేళ్లు చాచి గిన్నె చుట్టూ ఒక్క చేత్తో తిప్పండి. చపాతీ పిండిలా పిసక్కూడదు, మనవాళ్లకి చెయ్యి ఊరుకోదు గానీ ఊరుకోవాలి. తడితడిగా, అంటుకునేలా ఉన్నప్పుడే పిండి చల్లిన బల్ల మీద వేసి గుండ్రంగా సర్ది, కత్తితో లోతుగా ఇంటూ గుర్తు గియ్యండి. సిలువ గుర్తు అంటారు, దెయ్యాలు పోతాయంటారు, అసలు ఉపయోగం మధ్యలోకి వేడి వెళ్లడం. పావుగంట తర్వాత 200కి తగ్గించి ఇంకో అరగంట. తీసి తిరగేసి అడుగున వేలితో కొట్టండి. డొల్ల చప్పుడు రావాలి. మెత్తగా 'దబ్' అంటే ఇంకో ఐదు నిమిషాలు పెట్టండి.

సోడా కలిసిన క్షణం నుంచే గ్యాస్ పోతూ ఉంటుంది. పిండి కలిపి ఫోన్ ఎత్తొద్దు.

పద్మజ_కాకినాడ
నమస్తే అండీ, నేను కాకినాడ నుంచి. మా అమ్మాయి డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తోంది. సెలవుల్లో వచ్చి "అమ్మా, ఆ బ్రౌన్ బ్రెడ్ తినాలనుంది" అంటుంది. మాకు ఓవెన్ లేదు. ఇక్కడి పిండితో, గ్యాస్ పొయ్యి మీద కుదురుతుందా?

రమణ_కార్క్
పద్మజ గారూ, భేషుగ్గా కుదురుతుంది. అసలు పాతకాలంలో ఇక్కడి పల్లెల్లో ఓవెన్ ఎక్కడుంది? బాస్టిబుల్ అని కాళ్లున్న ఇనప గిన్నెలో బ్రెడ్ పెట్టి, ఎండిన పీటు గడ్డల (బురదనేలల్లోంచి తవ్వి ఎండబెట్టే మట్టి ఇంధనం) నిప్పు మీద వేలాడదీసి, మూత మీద కూడా నిప్పులు పోసేవాళ్లు.

మీకు సులువైన దారి రొట్టెలా పెనం మీద చెయ్యడం. ఉత్తరాన అల్‌స్టర్ వైపు ఇప్పటికీ అలాగే చేస్తారు, ఫార్ల్ అంటారు. అదే పిండిని ముప్పావు అంగుళం మందాన గుండ్రంగా తట్టి, నాలుగు ముక్కలుగా కోసి, పొడి పిండి చల్లిన మందపాటి పెనం మీద సన్న సెగన ఒక్కో వైపు ఎనిమిది నుంచి పది నిమిషాలు. చివర్లో అంచులు నిలబెట్టి తిప్పుతూ కాల్చండి. వేడిగా ఉండగానే గుడ్డలో చుడితే పైన మెత్తగా ఉంటుంది.

పిండి విషయం: మన చపాతీ పిండి మరీ మెత్తగా విసురుతారు, నీళ్లు కూడా ఎక్కువ పీలుస్తుంది. ఇక్కడి గోధుమ మెత్తటి రకం, బ్రౌన్ పిండి ముతకగా తవుడుతో ఉంటుంది. మీరు సగం మైదా, మిగతా సగంలో చపాతీ పిండితో పాటు రెండు గుప్పెళ్లు గోధుమ తవుడు కలపండి. మరలో పట్టించేవాళ్లయితే జల్లించకుండా ముతకగా పట్టమని చెప్పండి. తడి చాలకపోతే ఇంకొంచెం పెరుగు నీళ్లు.

పద్మజ_కాకినాడ
మా వీధి చివరే మర ఉంది. ఆదివారం చేసి చెప్తాను. చాలా థాంక్స్ బాబూ.

ఫజల్_కర్నూలు
అస్సలాం, నమస్తే. సిరి సిస్టర్, ఒక జాగ్రత్త. మీకు బీఫ్ కుదరదు, మాకు హలాల్ కానిది కుదరదు, అందుకే లేబుళ్లు చదివి చదివి నాకు కళ్లద్దాలు వచ్చాయి. ఇక్కడ శాకాహారంలా కనబడేవాటిలో చాలా దాక్కుని ఉంటాయి.

క్రిస్మస్ పుడ్డింగ్, మిన్స్ పైలలో పాత పద్ధతి ప్రకారం సూయెట్ వేస్తారు, అంటే బీఫ్ కొవ్వు. వెజిటబుల్ సూయెట్ అని రాసి ఉంటేనే కొనండి. కొన్ని చిప్ షాపుల్లో ఇప్పటికీ చిప్స్‌ని బీఫ్ కొవ్వులో వేయిస్తారు, అడిగితే దాచకుండా చెప్తారు. వూస్టర్ సాస్‌లో ఆంకోవీ చేప ఉంటుంది. జెల్లీలు, మార్ష్‌మాలోలలో జెలటిన్, అంటే జంతువుల తోలు, ఎముకల నుంచి తీసేది. వెజిటబుల్ సూప్ అన్నా హోటళ్లలో చికెన్ స్టాక్ పోసి ఉండొచ్చు. అత్తయ్యగారితో బయట తినేటప్పుడు సూప్ దేనితో చేశారో తప్పకుండా అడగండి.

స్ట్యూకి మేం హలాల్ కొట్లో భుజం ముక్క ఎముకతో కొట్టించి తెస్తాం. మా ఇంట్లోనూ మసాలా వెయ్యం, కానీ మిరియాలు కచ్చాపచ్చాగా దంచి బాగానే వేస్తాం. రమణ గారు కోప్పడరనుకుంటా.

రమణ_కార్క్
మిరియాలకి ఫుల్ పర్మిషన్ ఫజల్ భాయ్. ఇక్కడి ముసలమ్మలు తెల్ల మిరియాల పొడి దేనిమీద పడితే దానిమీద చల్లుతారు.

సిరి_బ్లాంచ్
చిప్స్ సంగతి ఇప్పుడే వింటున్నా! మా ఆయనకి చదివి వినిపిస్తే నోట మాట రాలేదు. చాలా థాంక్స్ ఫజల్ గారూ.

ఇంకో మాట, నిన్న సోడా బ్రెడ్ చేశాను. పైన బాగా వచ్చింది, పిల్లలు వెన్న రాసుకుని సగం ఊదేశారు. కానీ లోపల కొంచెం పసుపు రంగు, చివర్లో సబ్బు వాసన లాంటిది. బటర్‌మిల్క్ లేక పాలల్లో కొంచెం మజ్జిగ కలిపి పోశాను. అదేనా?

రమణ_కార్క్
అదే. పులుపు చాలక సోడా మిగిలిపోయింది. పాలే పోయాల్సి వస్తే 400 మిల్లీలీటర్లకి రెండు టేబుల్ స్పూన్ల నిమ్మరసం పిండి పది నిమిషాలు ఆగండి, విరిగినట్టు అవుతాయి, అప్పుడు వాడండి. సోడా మాత్రం చెంచా తలగొట్టే తీసుకోండి, గుట్టగా వద్దు.

లక్ష్మి_గాల్వే
అత్తయ్యగారికి కోల్‌కానన్ ఎవరూ చెప్పలేదేంటి? మా ఇంట్లో ఎక్కువగా అయ్యేది అదే. కిలో రూస్టర్ దుంపలు తొక్కతోనే ఉడికించి, వేడిగా ఉండగానే ఒలిచి మెదపాలి. తొక్క తీసి ఉడికిస్తే నీళ్లు తాగి జావ అవుతాయి. పావు కిలో కేల్ (క్యాబేజీ జాతి ఆకుకూర) గానీ క్యాబేజీ గానీ ఉప్పు నీళ్లలో ఉడికించి, గట్టిగా పిండి సన్నగా తరగాలి. ఒక గ్లాసు పాలల్లో ఉల్లికాడలు వేసి మరిగించి, ఆ పాలు వేడివేడిగా దుంపలో పోసి కలపాలి. చల్లటి పాలు పోస్తే జిగురొస్తుంది. మిక్సీలో మాత్రం వెయ్యకండి, బంక అయిపోతుంది. చివర్లో మధ్యలో గుంట చేసి వంద గ్రాముల వెన్న. అవును, వంద. ఆ గుంటలో కరిగిన వెన్నలో ముద్ద ముంచుకుని తినడమే.

కేల్, క్యాబేజీ లేకుండా ఉల్లికాడలతోనే చేస్తే దాన్ని చాంప్ అంటారు, ఉత్తరాన ఎక్కువ. పిల్లలకి నేను చాంపే పెడతాను, ఆకు కనిపిస్తే ఏరేస్తారు.

కోల్‌కానన్ హాలోవీన్‌కి తప్పకుండా చేస్తారు. అందులో నాణెం, ఉంగరం కాగితంలో చుట్టి దాచేవాళ్లట, ఉంగరం ఎవరికొస్తే వాళ్లకి పెళ్లి.

లీట్రిమ్_కోడలు
లక్ష్మి గారూ, నిజం చెప్పండి, పోపు పెట్టలేదా?

లక్ష్మి_గాల్వే
ఆవాలు, ఎండుమిర్చి... ఒకసారి. రెండోసారి కూడా. ఇక అడగకండి.

రమణ_కార్క్
చూశారా!

ఒక చిన్న మాట. జూన్‌లో షాపుల్లో కొత్త దుంపలు మొదలవుతాయి. చిన్నగా, పల్చటి తొక్కతో ముచ్చటగా ఉంటాయి కానీ చాలావాటిలో పిండి తక్కువ, మెదిపితే బాగోవు. వాటిని ఉడికించి వెన్న, పుదీనాతో తినండి. కోల్‌కానన్‌కి, బాక్స్‌టీకి నిల్వ ఉంచిన రూస్టరే తీసుకోండి. మామయ్యగారు జూలైలో కూడా ఉంటే క్వీన్స్ రకం వస్తుంది, కొత్త దుంపే అయినా పిండిగా విడిపోతుంది. వెక్స్‌ఫర్డ్ వైపు కారులో వెళ్తే రోడ్డు పక్కన చిన్న బడ్డీల్లో క్వీన్స్, స్ట్రాబెర్రీలు కలిపి అమ్ముతుంటారు. ఇక్కడి వాళ్లు ఆ దుంప కోసం ఏడాదంతా చూస్తారు, మనకి బంగినపల్లి ఎలాగో అలా.

అన్వేష్_ఓరుగల్లు
అన్నా, బ్లాక్ పుడ్డింగ్ సంగతి ఎవరూ అడుగుతలేరు. ఇక్కడ బ్రేక్‌ఫాస్ట్‌లో ఇచ్చిన్రు, తిన్నంక చెప్పిన్రు అది రక్తంతో చేస్తరని. మా ఊర్లో ఆదివారం మటన్‌తో పాటు నల్ల (మేక రక్తం కూర) వండుతరు, నాకు కొత్తేం అనిపియ్యలే. ఓట్స్ కలుపుతరు కాబట్టి కొంచెం గరుకు ఉంది. ఈ స్పైస్ బ్యాగ్ కూడా ఐరిషేనా? మా రూమ్‌మేట్స్ శుక్రవారం అదే తెస్తరు.

రమణ_కార్క్
బ్లాక్ పుడ్డింగ్‌లో ఇక్కడ ఎక్కువగా పంది రక్తం, ఓట్స్, బార్లీ. కార్క్‌లో డ్రిషీన్ అని ఇంకోటి ఉంది, ఆవు, గొర్రె రక్తంతో చేసి పేగులో పోసి ఉడికిస్తారు, జున్ను ముక్కలా వణుకుతుంది. 1788 నుంచి నడుస్తున్న ఇంగ్లిష్ మార్కెట్‌లో ఇప్పటికీ అమ్ముతారు. సిరి గారి ఇంటికి రెండూ పనికిరావు. నువ్వు కార్క్ వస్తే తీసుకెళ్తా.

స్పైస్ బ్యాగ్ డబ్లిన్ చైనీస్ టేకవేల్లో పుట్టింది. చిప్స్, కరకరలాడే చికెన్, మిరపకాయ, ఉల్లి, మసాలా పొడి అన్నీ సంచిలో వేసి కుదిపి ఇస్తారు. ఇది ఈ కాలపు ఐరిష్ తిండే అని నా లెక్క.

మోడరేటర్
స్పైస్ బ్యాగ్ గురించి వేరే చర్చ నడుస్తోంది, ఆ పోస్టులు అక్కడికి మార్చాను. ఇక్కడ ఇంటి వంట వరకే ఉంచుదాం.

శ్రీను_శాండీఫర్డ్
సరే, పైన నేను కొంచెం దూకుడుగా రాశాను. వారాంతంలో మా ఆవిడ ఈ థ్రెడ్ చదివి కోల్‌కానన్ చేసింది. బాగుంది. పోపుతోనే చేసింది, రమణ గారు చూడకపోతే మంచిది. ఇంతకీ తీపి ఏమీ లేదా? భోజనం చివర్లో తీపి లేకపోతే మా ఇంట్లో భోజనం కింద లెక్క కాదు.

లీట్రిమ్_కోడలు
రూబార్బ్ క్రంబుల్ చెయ్యండి. రూబార్బ్ అంటే పుల్లటి ఎర్ర కాడలు, జూన్ చివరిదాకా బాగా దొరుకుతుంది. అర కిలో కాడలు అంగుళం ముక్కలు కోసి, వంద గ్రాముల పంచదారతో ట్రేలో పరచండి. 150 గ్రాముల మైదాలో 90 గ్రాముల చల్లటి వెన్న వేళ్లతో నలిపి రవ్వలా చేసి, 80 గ్రాముల పంచదార, ఒక గుప్పెడు ఓట్స్ కలిపి పైన చల్లండి. 180 డిగ్రీల దగ్గర 35 నుంచి 40 నిమిషాలు, అంచుల్లోంచి గులాబీ రంగు పాకం ఉడుకుతూ పైకొచ్చేదాకా. గుడ్డు లేదు.

రూబార్బ్ కాడలు మనవాళ్లు పప్పులో కూడా వేస్తారు, గోంగూర లేని లోటు తీరుతుంది. కానీ సిరి గారూ, ఇది చాలా ముఖ్యం: రూబార్బ్ ఆకు విషం. ఆకుల్లో ఆక్సాలిక్ ఆమ్లం మోతాదు మించి ఉంటుంది. షాపులో ఆకు కోసేసే అమ్ముతారు, భయం లేదు. కానీ ఐరిష్ పక్కింటివాళ్లు తోటలోంచి ఆకులతో సహా మోపు తెచ్చి ఇస్తారు. మనకి ఆకుకూర కనిపిస్తే చేతులు ఊరుకోవు, అందులో పులుపు కూడా అని తెలిస్తే ఇక చెప్పక్కర్లేదు. అత్తయ్యగారికి ముందే చెప్పి ఉంచండి.

సిరి_బ్లాంచ్
అమ్మో, మంచి మాట చెప్పారక్కా. మా పక్కింటి ఆవిడ పోయిన ఏడాది అలాగే ఇచ్చింది, మావారు ఆకులు కంపోస్టులో పడేశారు కాబట్టి సరిపోయింది. అత్తయ్యగారు ఉండుంటే కచ్చితంగా పచ్చడి నూరేవారు!

ఫజల్_కర్నూలు
బార్మ్‌బ్రాక్, అంటే ఎండు ద్రాక్ష తీపి బ్రెడ్, అది కూడా రాసుకోండి, ఈద్‌కి మా ఇంట్లో చేస్తాం. 350 గ్రాముల కిస్‌మిస్, నల్ల ద్రాక్ష ఎండువి, 300 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ టీ డికాక్షన్‌లో రాత్రంతా నానాలి. పొద్దున ఆ టీతో సహా 225 గ్రాముల సెల్ఫ్ రైజింగ్ మైదా (బేకింగ్ పౌడర్ ముందే కలిపింది), 150 గ్రాముల బ్రౌన్ షుగర్, ఒక గుడ్డు, దాల్చినచెక్క, జాజికాయ పొడి కలిపి 170 డిగ్రీల దగ్గర గంటకి పైగా. అత్తయ్యగారికైతే గుడ్డు బదులు మూడు చెంచాల పెరుగు వెయ్యండి, కొంచెం పొడిపొడిగా విరుగుతుంది, అంతే. పిండిలో వెన్న లేదు, తినేటప్పుడు రాసుకోవడమే. హాలోవీన్‌కి షాపువాటిలో ఉంగరం పెడతారు, చిన్నపిల్లలకి ముక్క ఇచ్చేముందు చూసి ఇవ్వండి.

రమణ_కార్క్
టీ ఏ కంపెనీదో చెప్పలేదు ఫజల్ భాయ్. కార్క్‌లో బ్యారీస్ కాకుండా ఇంకో పేరెత్తితే గుమ్మం దాటనివ్వరు, డబ్లిన్‌లో లయన్స్ అంటారు.

తీపిలో నా ఓటు కారగీన్ పుడ్డింగ్‌కి. పడమటి, దక్షిణపు తీరంలో రాళ్ల మీద పెరిగే సముద్రపు నాచు అది, ఎండబెట్టి అమ్ముతారు. జెలటిన్ లేకుండా పాలు గడ్డకడతాయి, మన చైనా గ్రాస్ చేసే పనే. మా ఈస్ట్ కార్క్‌లో మర్టిల్ ఆలెన్ అని ఒకావిడ 1964లో బాలిమలూలో తన ఇంట్లోనే రెస్టారెంట్ తెరిచి, ఇలాంటి ఇంటి వంటలకి పెద్ద హోటళ్ల పక్కన గౌరవం తెచ్చింది. కారగీన్ వాళ్ల దగ్గర ఇప్పటికీ పెడతారు.

ఎనిమిది గ్రాములంటే చిన్న గుప్పెడు. పది నిమిషాలు గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, ఇసుక పోయేలా కడిగి, 850 మిల్లీలీటర్ల పాలల్లో సన్న మంట మీద 20 నిమిషాలు. నాచు ఉబ్బి జిగురు వదులుతుంది. జల్లెడలో పోసి చెంచా వెనకతో గట్టిగా నొక్కాలి, జల్లెడ అడుగుకి అంటుకున్న జిగురు కూడా గీకి పాలల్లో కలపాలి, గడ్డకట్టేది దానివల్లే. రెండు మూడు చెంచాల పంచదార. వాళ్లు వనిల్లా వేస్తారు, గుడ్డు కూడా. మీరు గుడ్డు మానెయ్యండి.

లక్ష్మి_గాల్వే
వనిల్లా బదులు ఏలకులు వెయ్యొచ్చా సార్, పర్మిషన్ ఉందా?

రమణ_కార్క్
వేసుకోండి తల్లీ. మీకు చెప్పి లాభం లేదు.

సిరి_బ్లాంచ్
నవ్వలేక చస్తున్నా. సరే, నా ప్లాన్: మొదటి శనివారం మామయ్యగారికి స్ట్యూ, అత్తయ్యగారికి కోల్‌కానన్, ఇద్దరికీ సోడా బ్రెడ్. ఆదివారం పొద్దున బాక్స్‌టీ, అత్తయ్యగారి చేత్తో. తీపికి కారగీన్. ఒక్క డౌట్: సముద్రపు నాచు వాసన వస్తుందా? అత్తయ్యగారికి చేపల వాసన తగిలితే కంచం దగ్గర్నుంచి లేచిపోతారు.

రమణ_కార్క్
20 నిమిషాలు దాటి మరిగిస్తే వస్తుంది, లేదంటే దాదాపు ఉండదు. తెల్లబారిన, పొడిగా ఉన్న నాచు చూసి తీసుకోండి, ముదురు రంగులో ఉన్నదానికి వాసన ఎక్కువ. కడిగిన నీళ్లు పారబొయ్యండి. చల్లగా పెట్టండి, క్రంబుల్‌కి తెచ్చిన రూబార్బ్‌లోంచే కొంచెం ఉడికించి పక్కన పోస్తే ఆ పులుపు కింద ఏమీ తెలీదు.

సిరి_బ్లాంచ్
బ్లాంచర్డ్స్‌టౌన్‌లో మామూలు సూపర్‌మార్కెట్లో కనబడలేదు. ఎక్కడ అడగాలి?

లీట్రిమ్_కోడలు
హెల్త్ ఫుడ్ షాపుల్లో అడుగు, ఎండు గింజల అరల దగ్గర చిన్న ప్యాకెట్లలో ఉంటుంది. చేపల కొట్లలో కూడా కొన్నిచోట్ల పెడతారు, కానీ అత్తయ్యగారి కోసం అయితే హెల్త్ షాపుదే తీసుకో.